పీఎంయూ నోడ్ రాయడం ఎలా: ప్రాసెసర్ పనితీరు కౌంటర్లను లైనక్స్ కెర్నెల్‌కు చూపించే పద్ధతి

కొత్త ఆర్మ్ బోర్డు మీద లైనక్స్ బూట్ అయింది. సీరియల్ కన్సోల్ వచ్చింది, నెట్‌వర్క్ కూడా పనిచేస్తోంది. తర్వాత ఎవరో ఒకరు పనితీరు కొలిచే 'పెర్ఫ్ స్టాట్' కమాండ్ నడుపుతారు. సైకిల్స్, ఇన్‌స్ట్రక్షన్స్ అంకెలు రావాల్సిన చోట 'నాట్ సపోర్టెడ్' అని కనిపిస్తుంది. కౌంటర్లు ప్రాసెసర్‌లోని పీఎంయూ (పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ యూనిట్) అనే భాగంలోనే ఉన్నాయి, వాటిని నడిపే డ్రైవర్ కూడా కెర్నెల్‌లో ఉంది. ఆ రెండింటినీ కలిపే నాలుగైదు లైన్లు, అంటే పీఎంయూ నోడ్, మాత్రం డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) ఎవరూ రాయలేదు.

ఆ నాలుగైదు లైన్లు ఎలా రాయాలి, రాసినవి సరైనవో కాదో ఎలా తేల్చుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. నోడ్ చిన్నదే కాబట్టి చాలామంది పక్క బోర్డు ఫైలు నుంచి కాపీ చేసి వదిలేస్తారు. అది మంచి అలవాటు కాదు. నోడ్ లేకపోతే అంకెలు రావు, అది వెంటనే తెలిసిపోతుంది. తప్పు నోడ్ ఉంటే తప్పుడు అంకెలు వస్తాయి. వాటిని నమ్మి ఎవరో ఒకరు కోడ్ మార్చేస్తారు, వారాల తరబడి లేని సమస్య వెనకాల తిరుగుతారు.

ప్రాసెసర్ తానే చెప్పేది ఎంత?

ముందుగా ఇది తేలాలి, ఎందుకంటే ప్రాసెసర్ చెప్పగలిగినదాన్ని మనం మళ్లీ రాయనక్కర్లేదు.

ఇంటెల్ ప్రాసెసర్‌లో సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌ను హెక్స్ 0ఏ విలువతో అడిగితే కౌంటర్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని బిట్లు అన్నది అదే చెబుతుంది. కౌంటర్ నిండినప్పుడు వచ్చే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తన వైపు చూడమనే హార్డ్‌వేర్ సంకేతం) ఆ కోర్‌కే చెందిన లోకల్ ఏపీఐసీకి వెళ్తుంది. కెర్నెల్‌కు బయటి నుంచి చెప్పాల్సిందేమీ లేదు.

64 బిట్ల ఆర్మ్‌లో సగం పని ఇలాగే జరుగుతుంది. ఒక ఐడీ రిజిస్టర్ పీఎంయూ వెర్షన్ చెబుతుంది. పీఎంసీఆర్ రిజిస్టర్‌లో 11 నుంచి 15 వరకు ఉన్న బిట్లు ఈవెంట్ కౌంటర్ల సంఖ్య చెబుతాయి. ఆర్కిటెక్చర్ ప్రకారం గరిష్ఠంగా 31 ఉండొచ్చు, కార్టెక్స్-ఏ53లోనూ ఏ72లోనూ ఆరే ఉంటాయి. వీటికి తోడు సైకిళ్లను లెక్కపెట్టే 64 బిట్ల కౌంటర్ ఒకటి విడిగా ఉంటుంది. ఏయే సాధారణ ఈవెంట్లు ఉన్నాయో పీఎంసీఈఐడీ రిజిస్టర్లు చెబుతాయి. పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లకు హెక్స్ 08, సైకిళ్లకు హెక్స్ 11, తప్పిన బ్రాంచ్ అంచనాలకు హెక్స్ 10, ఇలా ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో నంబరు.

ఏ రిజిస్టరూ చెప్పలేనిది ఒకటుంది. కౌంటర్ నిండినప్పుడు కోర్ నుంచి బయటికొచ్చే ఇంటరప్ట్ తీగ, ఇంటరప్ట్ కంట్రోలర్‌లో ఎక్కడ కలిసింది? కోర్‌ను ఆర్మ్ డిజైన్ చేసినా తీగ కలిపేది చిప్ తయారుచేసిన కంపెనీ. ఒక చిప్‌లో ఒకలా, ఇంకో చిప్‌లో ఇంకోలా ఉంటుంది. పీఎంయూ నోడ్ అసలు పని ఈ తీగల లెక్క చెప్పడమే. నేను ఏ నోడ్‌ను సరిచూసినా ముందు చూసేది అదే.

మొదటి మెట్టు: చిప్ మాన్యువల్‌లో వెతకాల్సినవి

కోర్ పేరు ఖచ్చితంగా తెలియాలి. ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్‌ఫో ఫైలు చూడండి. ఇంప్లిమెంటర్ హెక్స్ 41 అంటే ఆర్మ్ డిజైన్. పార్ట్ నంబరు డీ03 అయితే కార్టెక్స్-ఏ53, డీ08 అయితే కార్టెక్స్-ఏ72. బోర్డు డబ్బా మీద రాసినదాన్ని నమ్మకుండా ఇది చూసుకోవడం మేలు.

తర్వాత చిప్ మాన్యువల్‌లో ఇంటరప్ట్‌ల పట్టిక తీయండి. 'పీఎంయూఐఆర్‌క్యూ' అనో, 'పెర్ఫార్మెన్స్ మానిటర్' అనో ఉన్న ఎంట్రీలు చూడండి. కోర్‌కు ఒకటి చొప్పున వేర్వేరు నంబర్లు ఉంటే అవి ఎస్‌పీఐ రకం, అంటే అన్ని కోర్లకూ అందుబాటులో ఉండే ఉమ్మడి ఇంటరప్ట్‌లు. అన్ని కోర్లకూ ఒకే నంబరు, అదీ 16 నుంచి 31 లోపు ఉంటే అది పీపీఐ రకం. నంబరు ఒకటే అయినా ప్రతి కోర్‌కూ తన సొంత తీగ ఉంటుంది. ఆర్మ్ సర్వర్ ప్రమాణాలు దీనికి 23వ నంబరును సూచిస్తాయి, అందుకే చాలా చిప్‌లలో అదే కనిపిస్తుంది.

అరుదుగా మూడో పరిస్థితి ఎదురవుతుంది. అన్ని కోర్ల తీగలనూ చిప్‌లోనే ఒక్కటిగా కలిపేసి ఒకే ఎస్‌పీఐగా బయటికి తెస్తారు. ఎస్‌టీ-ఎరిక్సన్ యూ8500 ఇలాంటిదే. రెండు కార్టెక్స్-ఏ9 కోర్లకు ఒకే తీగ. వచ్చిన ఇంటరప్ట్ తనది కాకపోతే దాన్ని రెండో కోర్‌కు మళ్లించే ప్రత్యేక హ్యాండ్లర్ కెర్నెల్‌లో రాయాల్సి వచ్చింది. మీ చిప్ ఇలా ఉంటే డివైస్ ట్రీతో ఆ లోపం పోదని ముందే తెలుసుకోవడం మంచిది.

రెండో మెట్టు: నంబరు మార్చడం

ఎక్కువ మంది ఇక్కడే జారిపడతారు. జీఐసీ ఇంటరప్ట్ కంట్రోలర్‌లో 0 నుంచి 15 వరకు కోర్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి, 16 నుంచి 31 వరకు పీపీఐలకు, 32 నుంచి ఎస్‌పీఐలకు కేటాయించారు. డివైస్ ట్రీలో మాత్రం ప్రతి రకాన్నీ సున్నా నుంచి లెక్కపెడతారు. కాబట్టి పీపీఐ అయితే 16, ఎస్‌పీఐ అయితే 32 తీసేయాలి. మాన్యువల్‌లో 23 ఉంటే డివైస్ ట్రీలో పీపీఐ 7, 48 ఉంటే ఎస్‌పీఐ 16.

కొన్ని మాన్యువల్స్ ముందే 32 తీసేసి రాస్తాయి. పట్టిక మొదటి వరుస 0తో మొదలైందా, 32తో మొదలైందా చూస్తే తెలిసిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే అదే చిప్‌లో ఇప్పటికే పనిచేస్తున్న సీరియల్ పోర్టు నంబరును మాన్యువల్‌తో పోల్చి చూడండి.

డివైస్ ట్రీలో ఒక్కో ఇంటరప్ట్‌కు రకం, నంబరు రాశాక వచ్చే మూడో అంకె అది ఎలా పలుకుతుందో చెబుతుంది. కార్టెక్స్ కోర్ నుంచి వచ్చే పీఎంయూ తీగ కిందికి దిగినప్పుడు పనిచేసే రకం. అందుకే పీపీఐల విషయంలో చాలా ఫైళ్లలో 'లెవల్ లో' అని కనిపిస్తుంది. ఎస్‌పీఐకి ఆ మాట రాయకూడదు. జీఐసీ ఎస్‌పీఐలను 'లెవల్ హై' గానో, 'రైజింగ్ ఎడ్జ్' గానో మాత్రమే తీసుకుంటుంది. లైనక్స్ జీఐసీ డ్రైవర్ మిగతావాటిని ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. చిప్ డిజైనర్లు తీగను కలిపే ముందే తిరగేస్తారు కాబట్టి ఎస్‌పీఐకి 'లెవల్ హై' సరిపోతుంది.

మూడో మెట్టు: నోడ్ రాయడం

రాస్ప్‌బెర్రీ పై 4 మంచి ఉదాహరణ. దాని బీసీఎం2711 చిప్‌లో నాలుగు కార్టెక్స్-ఏ72 కోర్లున్నాయి, ఒక్కో కోర్‌కు ఒక్కో ఎస్‌పీఐ. పైకి చదివినట్టుగా రాస్తే ఆ నోడ్ ఇలా ఉంటుంది:

ఆర్మ్-పీఎంయూ {
    కంపాటిబుల్ = "ఆర్మ్,కార్టెక్స్-ఏ72-పీఎంయూ";
    ఇంటరప్ట్స్ = <ఎస్‌పీఐ 16 లెవల్-హై>, <ఎస్‌పీఐ 17 లెవల్-హై>, <ఎస్‌పీఐ 18 లెవల్-హై>, <ఎస్‌పీఐ 19 లెవల్-హై>;
    ఇంటరప్ట్-అఫినిటీ = <&సీపీయూ0>, <&సీపీయూ1>, <&సీపీయూ2>, <&సీపీయూ3>;
};

దీన్ని ట్రీ మూలంలోనే, అంటే రూట్ కిందే పెట్టాలి. పీఎంయూను సిస్టమ్ రిజిస్టర్ల ద్వారా అందుకుంటాం, దానికి మెమరీ అడ్రస్ ఉండదు. అందుకే 'రెగ్' ప్రాపర్టీ లేదు. అడ్రస్ లేని నోడ్‌ను ఎస్‌ఓసీ బస్సు కింద పెడితే తనిఖీ పరికరం అభ్యంతరం చెబుతుంది. రూట్‌లో 'ఇంటరప్ట్-పేరెంట్' జీఐసీని చూపుతోందో లేదో కూడా చూసుకోండి. చూపకపోతే ఈ నోడ్‌లోనే రాయాలి.

కంపాటిబుల్‌లో కోర్ అసలు పేరే రాయండి. 'ఆర్మ్,ఆర్మ్‌వీ8-పీఎంయూవీ3' అనే సాధారణ పేరు ఒక్కటే పెట్టినా కౌంటర్లు పనిచేస్తాయి. కానీ ఆ పేరు సాఫ్ట్‌వేర్ మోడళ్ల కోసమని బైండింగ్ (నోడ్ ఎలా రాయాలో చెప్పే నియమాల పత్రం) స్పష్టంగా చెబుతోంది. నిజమైన చిప్‌కు అది పెడితే ఆ కోర్‌కు ప్రత్యేకమైన క్యాష్ ఈవెంట్ల పట్టిక డ్రైవర్ వాడదు.

ఇప్పుడు ఇంటరప్ట్-అఫినిటీ గురించి. ఇంటరప్ట్స్ జాబితాలో మూడోది ఏ కోర్‌దో, ఈ జాబితాలో మూడోది ఆ కోర్‌ను చూపాలి. ఇది రాయకపోతే కెర్నెల్ 'నో ఇంటరప్ట్-అఫినిటీ ప్రాపర్టీ, గెస్సింగ్' అని చెప్పి, మొదటి ఇంటరప్ట్ మొదటి కోర్‌దని, రెండోది రెండో కోర్‌దని ఊహించుకుంటుంది. ఊహ నిజమైతే అదృష్టం.

నిజం కాకపోతే ఏమవుతుందో చూడండి. కోర్ 2 కౌంటర్ నిండింది, కానీ ఇంటరప్ట్ కోర్ 1కి వెళ్లింది. పీఎంయూ రిజిస్టర్లు ఏ కోర్‌వి ఆ కోర్‌కే కనిపిస్తాయి. హ్యాండ్లర్ కోర్ 1 మీద తన ఓవర్‌ఫ్లో రిజిస్టర్ చూస్తుంది, ఏమీ కనిపించదు, 'ఇది నాది కాదు' అని తిరిగొస్తుంది. లెవల్ రకం తీగ కాబట్టి కోర్ 2 దాన్ని ఇంకా లాగి పట్టుకునే ఉంటుంది. ఇంటరప్ట్ మళ్లీ వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 దాటి ఎవరూ పట్టించుకోనివైతే కెర్నెల్ 'నోబడీ కేర్డ్' అని రాసి ఆ లైన్‌నే ఆపేస్తుంది. అప్పటి నుంచి కోర్ 2 మీద శాంపిళ్లు (కౌంటర్ నిండినప్పుడల్లా ప్రోగ్రామ్ ఎక్కడుందో చూసి తీసుకునే నమూనాలు) రావు. లాగ్‌లో ఈ మాట పీఎంయూ లైన్ నంబరుతో కనిపిస్తే ముందు అనుమానించాల్సింది అఫినిటీ వరుసనే.

పీపీఐ ఉన్న చిప్‌లో పని ఇంకా తేలిక. ఇంటరప్ట్స్‌లో ఒక్క ఎంట్రీ చాలు, అఫినిటీ అక్కర్లేదు. నాలుగు కోర్లున్నాయి కదా అని అదే పీపీఐని నాలుగుసార్లు రాస్తే డ్రైవర్ 'మల్టిపుల్ పీపీఐస్ ఆర్ మిస్‌మ్యాచ్డ్ ఎస్‌పీఐ/పీపీఐ డిటెక్టెడ్' అని చెప్పి ఆగిపోతుంది.

రెండు రకాల కోర్లున్నప్పుడు

రాక్‌చిప్ ఆర్‌కే3399లో నాలుగు ఏ53 కోర్లు, రెండు ఏ72 కోర్లు ఉన్నాయి. పీఎంయూ ఇంటరప్ట్ మాత్రం ఆరింటికీ ఒకే పీపీఐ 7. దీనికి ఒకే నోడ్ రాయడం తప్పు. డ్రైవర్ ఒక నోడ్ కింద ఉన్న కోర్లలో ఏదో ఒకదాన్ని అడిగి కౌంటర్ల సంఖ్య, ఈవెంట్ల జాబితా తెలుసుకుంటుంది, మిగతావీ అలాగే ఉంటాయని నమ్ముతుంది. పెద్ద కోర్‌కూ చిన్న కోర్‌కూ ఈవెంట్లు వేరు, ఆ నమ్మకం అక్కడే చెడుతుంది.

కాబట్టి రెండు నోడ్లు. ఒకటి ఏ53 పేరుతో, ఇంకొకటి ఏ72 పేరుతో. ఒకే పీపీఐ నంబరును రెండు గుంపులకు పంచడానికి జీఐసీ వెర్షన్ 3 బైండింగ్‌లో 'పీపీఐ-పార్టిషన్స్' అనే ఏర్పాటుంది. ఇంటరప్ట్ కంట్రోలర్ నోడ్ లోపల రెండు పార్టిషన్లు రాసి, ఏయే కోర్లు దేనిలోకి వస్తాయో చెప్పాలి. పీఎంయూ నోడ్‌లో ఇంటరప్ట్‌కు నాలుగో అంకెగా ఆ పార్టిషన్‌ను చూపాలి. దీని కోసం ఇంటరప్ట్ సెల్స్ సంఖ్య మూడు నుంచి నాలుగు చేయాలి. అలా చేస్తే ఫైలులో ఆ కంట్రోలర్‌ను వాడే ప్రతి ఇంటరప్ట్‌కూ చివర ఒక సున్నా చేర్చాలి. ఒక్కటి మర్చిపోయినా సంబంధం లేని ఇంకో పరికరం పనిచేయడం మానేస్తుంది.

నాలుగో మెట్టు: తనిఖీ, కాన్ఫిగరేషన్

కెర్నెల్ సోర్స్‌లో డివైస్ ట్రీ బైండింగ్స్ కింద, ఆర్మ్ ఫోల్డర్‌లో పీఎంయూ పేరుతో యామల్ ఫైలు ఉంది. మీ కోర్ పేరు అక్కడి జాబితాలో ఉందో లేదో చూడండి. తర్వాత 'డీటీబీఎస్ చెక్' టార్గెట్ నడపండి. ప్రాపర్టీ పేరులో అక్షర దోషం, జాబితాలో లేని కంపాటిబుల్ లాంటివి ఇది పట్టేస్తుంది. 16 బదులు 61 అని రాస్తే పట్టలేదు, అది మీ బాధ్యతే.

కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో పెర్ఫ్ ఈవెంట్స్, ఆర్మ్ పీఎంయూ, ఆర్మ్ పీఎంయూవీ3 ఆప్షన్లు ఆన్‌లో ఉండాలి. సాధారణంగా ఉంటాయి.

ఐదో మెట్టు: బూట్ లాగ్ చదవడం

పని సరిగ్గా జరిగితే కెర్నెల్ లాగ్‌లో 'హెచ్‌డబ్ల్యూ పెర్ఫ్‌ఈవెంట్స్: ఎనేబుల్డ్ విత్ ఆర్మ్‌వీ8 కార్టెక్స్ ఏ72 పీఎంయూ డ్రైవర్, 7 కౌంటర్స్ అవైలబుల్' అనే లైన్ కనిపిస్తుంది. ఏడు అంటే ఆరు ఈవెంట్ కౌంటర్లు, ఒక సైకిల్ కౌంటర్. కొత్త కెర్నెళ్లు పక్కనే హెక్స్‌లో ఒక మాస్క్ కూడా చూపుతాయి.

'నో ఐఆర్‌క్యూస్ ఫర్ పీఎంయూ, శాంప్లింగ్ ఈవెంట్స్ నాట్ సపోర్టెడ్' అని వస్తే ఇంటరప్ట్స్ ప్రాపర్టీ లేదని అర్థం. 'మల్టిపుల్ పీఎంయూ ఐఆర్‌క్యూస్ ఫర్ ద సేమ్ సీపీయూ' అంటే అఫినిటీలో ఒకే కోర్‌ను రెండుసార్లు రాశారు. జీఐసీ నుంచి 'పీపీఐ సెక్యూర్ ఆర్ మిస్‌కాన్ఫిగర్డ్' అని వస్తే ఇంటరప్ట్ రకం తప్పై ఉండొచ్చు, లేదా ఫర్మ్‌వేర్ ఆ ఇంటరప్ట్‌ను సెక్యూర్ వైపు తన దగ్గరే పెట్టుకుని ఉండొచ్చు.

లాగ్‌లో ఏ మాటా లేకపోతే బోర్డు వాడుతున్నది మీరు మార్చిన ఫైలేనా అని చూడండి. ప్రాక్ ఫోల్డర్‌లోని డివైస్-ట్రీ డైరెక్టరీలో మీ నోడ్ కనిపించాలి. బూట్‌లోడర్ పాత ఫైలు లోడ్ చేస్తుండటం చాలా మామూలు విషయం.

ఆరో మెట్టు: నిజంగా పనిచేస్తోందా

చాలామంది పెర్ఫ్ స్టాట్‌లో అంకెలు రాగానే ఆగిపోతారు. అది సరిపోదు. లెక్కపెట్టడానికి ఇంటరప్ట్ అవసరం లేదనిపిస్తుంది గానీ, ఏ72 ఈవెంట్ కౌంటర్ వెడల్పు 32 బిట్లే. అంటే సుమారు 429 కోట్ల దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. 1.5 గిగాహెర్ట్జ్ కోర్ సైకిల్‌కు ఒక ఇన్‌స్ట్రక్షన్ చొప్పున నడిపినా ఆ అంకె దాటడానికి మూడు సెకన్లు పట్టదు. అందుకే డ్రైవర్ కౌంటర్‌ను సగం దూరంలోనే ఇంటరప్ట్ వచ్చేలా పెట్టి, వచ్చినప్పుడల్లా మొత్తానికి కలుపుకుంటుంది. తీగ తప్పైతే చిన్న పరీక్షలన్నీ పాసవుతాయి, పెద్ద ప్రోగ్రామ్ లెక్క మాత్రం తక్కువ వస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. రూట్ అనుమతితో, అంకెలను కలుపుతూ పోయే చిన్న లూప్ ఒకటి 'టాస్క్‌సెట్' ద్వారా ఒక్క కోర్‌కు కట్టేసి అర నిమిషం పాటు నడపండి. లూప్‌లో ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లున్నాయో మీకు తెలుసు కాబట్టి, మొత్తం ఎంత రావాలో లెక్క వేయొచ్చు. పెర్ఫ్ స్టాట్ చెప్పిన మొత్తం దానికి దగ్గరగా ఉండాలి.

తర్వాత అదే లూప్‌ను శాంపిళ్లు తీసే 'పెర్ఫ్ రికార్డ్' కింద నడిపి, ముందూ తర్వాతా ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు చూడండి. 'ఆర్మ్-పీఎంయూ' వరుసలో మీరు పని నడిపిన కోర్ నిలువు గడిలోనే అంకె పెరగాలి. పై 4 మీద ఈ వరుసల్లో 48 నుంచి 51 వరకు నంబర్లు కనిపిస్తాయి. అవి మనం రాసిన 16 నుంచి 19కి 32 కలిపినవే, తేడా చూసి కంగారు పడక్కర్లేదు. ఈ పరీక్షను ప్రతి కోర్ మీదా విడివిడిగా చేయాలి. కోర్ 0 మీద పనిచేసినంత మాత్రాన కోర్ 3 గురించి ఏమీ తెలిసినట్టు కాదు.

ఒక కోర్‌ను ఆఫ్‌లైన్ చేసి మళ్లీ ఆన్‌లైన్‌కు తెచ్చి కూడా ఇదే పరీక్ష చేయండి.

రెండు రకాల కోర్లున్న చిప్‌లో 'నాట్ కౌంటెడ్' అని వస్తే అది 'నాట్ సపోర్టెడ్' లాంటిది కాదు. ఈవెంట్ తెరుచుకుంది, కానీ ఆ ప్రోగ్రామ్ ఆ రకం కోర్ మీద ఒక్కసారీ నడవలేదు. సిస్ ఫోల్డర్‌లోని ఈవెంట్ సోర్స్ పరికరాల్లో ప్రతి పీఎంయూకూ 'సీపీయూస్' అనే ఫైలు ఉంటుంది. ఏ నోడ్ ఏ కోర్లను కవర్ చేస్తోందో అందులో చూడొచ్చు.

ప్రొఫైల్‌లో స్పిన్‌లాక్ వదిలి ఇంటరప్ట్‌లను తిరిగి తెరిచే ఫంక్షన్లు మరీ ఎక్కువ శాతం చూపిస్తే అది నోడ్ తప్పు కాదు. ఇంటరప్ట్‌లు మూసి ఉన్నంతసేపూ పీఎంయూ ఇంటరప్ట్ ఎదురుచూసి, తెరవగానే వస్తుంది. జీఐసీ వెర్షన్ 3 ఉన్న బోర్డుల్లో సూడో ఎన్‌ఎంఐ (ఇంటరప్ట్‌లు మూసి ఉన్నప్పుడూ కొన్నిటిని రానిచ్చే ఏర్పాటు) ఆన్ చేస్తే ఈ సమస్య చాలావరకు పోతుంది. పై 4లో ఉన్నది పాత తరం జీఐసీ-400, అక్కడ ఆ వీలు లేదు.

నోడ్ సరిగ్గానే ఉన్నా కౌంటర్లు కదలకపోతే

అప్పుడు ఫర్మ్‌వేర్ వైపు చూడాలి. ఎండీసీఆర్ పేరున్న ఈఎల్3 (ఫర్మ్‌వేర్ నడిచే అన్నిటికన్నా పై అధికార స్థాయి) రిజిస్టర్‌లో ఒక బిట్ పెడితే పీఎంయూ రిజిస్టర్లను ఎవరు తాకినా ట్రాప్ అవుతుంది, అంటే పని అక్కడే ఆగి ఫర్మ్‌వేర్ చేతికి వెళ్తుంది. కెర్నెల్ బూట్‌లోనే కుప్పకూలితే ఇదే కారణం కావచ్చు. హైపర్‌వైజర్ కింద నడుస్తుంటే, అతిథి కెర్నెల్‌కు ఎన్ని కౌంటర్లు కనిపించాలో ఈఎల్2 స్థాయి ఎండీసీఆర్ నిర్ణయిస్తుంది. పాత 32 బిట్ల ఆర్మ్ కోర్ల మీద కెర్నెల్ సెక్యూర్ స్థితిలోనే బూట్ అయితే నోడ్‌లో 'సెక్యూర్-రెగ్-యాక్సెస్' ప్రాపర్టీ అవసరం పడుతుంది. 64 బిట్ల బోర్డుల్లో దాన్ని రాయొద్దు.

ఏసీపీఐ, రిస్క్-ఫైవ్

డివైస్ ట్రీకి బదులు ఏసీపీఐ పట్టికలతో బూట్ అయ్యే ఆర్మ్ సర్వర్లలో ఇదే సమాచారం ఎంఏడీటీ పట్టికలో ప్రతి కోర్ ఎంట్రీలో ఉంటుంది. 'పెర్ఫార్మెన్స్ ఇంటరప్ట్' అనే గడి చూడండి. అక్కడ పూర్తి నంబరే రాయాలి, 16 గానీ 32 గానీ తీయకూడదు.

రిస్క్-ఫైవ్ అనే మరో ప్రాసెసర్ ఆర్కిటెక్చర్‌లో దారి వేరు. ఈవెంట్‌ను ఎంచుకునే రిజిస్టర్లు మెషిన్ మోడ్‌లో (ఫర్మ్‌వేర్ నడిచే స్థాయిలో) ఉంటాయి, కెర్నెల్ వాటిని తాకలేదు. అందుకే 'రిస్క్‌వీ,పీఎంయూ' నోడ్‌ను చదివేది ఓపెన్ఎస్‌బీఐ లాంటి ఫర్మ్‌వేర్. కెర్నెల్ ఎస్‌బీఐ కాల్స్ (ఫర్మ్‌వేర్‌ను పని అడిగే పద్ధతి) ద్వారా దాన్ని అడుగుతుంది. ఈ డ్రైవర్ 2022లో వచ్చిన లైనక్స్ 5.18లో చేరింది. ఇక్కడ రాయాల్సింది ఏ ఈవెంట్‌ను ఏ కౌంటర్ లెక్కపెట్టగలదు అన్న పట్టిక. ప్రతి వరుసలో మొదటి ఈవెంట్, చివరి ఈవెంట్, కౌంటర్ల బిట్ మాస్క్ ఉంటాయి. సైకిళ్ల ఈవెంట్ 1కి బిట్ 0, ఇన్‌స్ట్రక్షన్ల ఈవెంట్ 2కి బిట్ 2. మిగతా ప్రోగ్రామబుల్ కౌంటర్లు బిట్ 3 నుంచి మొదలవుతాయి. సైఫైవ్ యూ74 కోర్‌లో ఇవి రెండే ఉన్నాయి, కాబట్టి కోర్‌లో లేని కౌంటర్‌ను మాస్క్‌లో చూపకండి. ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ కావాలంటే కోర్‌లో ఎస్ఎస్‌సీఓఎఫ్‌పీఎంఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఉండాలి. అది లేని చిప్‌లో పెర్ఫ్ స్టాట్ వస్తుంది, పెర్ఫ్ రికార్డ్‌కు హార్డ్‌వేర్ శాంపిళ్లు రావు.

ప్యాచ్ పంపేటప్పుడు

కమిట్ సందేశంలో ఇంటరప్ట్ నంబర్లు ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయండి: మాన్యువల్ పేరు, వెర్షన్, పట్టిక నంబరు. మాన్యువల్ బయటికి ఇవ్వలేనిదైతే, ప్రతి కోర్ మీద పరీక్షించి నిర్ధారించానని చెప్పి, పెర్ఫ్ రికార్డ్ ముందూ తర్వాతా ఇంటరప్ట్స్ ఫైలులోని ఆర్మ్-పీఎంయూ వరుసలు జత చేయండి. బూట్ లాగ్ లైన్ కూడా పెట్టండి. సమీక్షించేవాళ్ల దగ్గర మీ బోర్డు ఉండకపోవచ్చు, వాళ్లు నోడ్‌ను సరిచూడటానికి ఈ నాలుగు వరుసలే ఆధారం.